ఎంగిలి రాళ్లు

సాన తిరుగుతున్నంతసేపూ దాని మీద నీళ్లు పడుతూనే ఉండాలి. ముందు ఈ సంగతి చెప్పాలి. నేను రాయబోయేదంతా ఆ నీళ్ల గురించే.

లక్క కరిగించి, అందులో కురుందమనే గట్టి రాతి పొడి కలిపి, రొట్టెల పెనమంత వెడల్పున పోసిన చక్రమే సాన. వెదురుబద్దకు తోలుతాడు కట్టి, ఆ తాడును ఇరుసుకు ఒక చుట్టు చుట్టి, కుడిచేత్తో ముందుకూ వెనక్కూ లాగుతుంటే చక్రం తిరుగుతుంది. ఎడమచేతిలో ఒక పుల్ల, పుల్ల కొనకు లక్కతో అతికించిన రాయి. ఆ రాయిని చక్రానికి ఆనించి అరగదీయాలి. పైన ఉట్టిలో ఒక చిన్నకుండ వేలాడుతుంది. దాని అడుగున బెజ్జం, బెజ్జంలో గుడ్డపేలిక. పేలిక వెంట చుక్కచుక్కగా నీళ్లు పడుతుంటే అరిగిన రాతిపొడి బురదై కిందికి జారిపోతుంది. నీళ్లు లేకపోతే ఆ పొడి ఎక్కడికి పోతుంది? సాన ముందు కూర్చున్న మనిషి ముక్కులోకి పోతుంది.

ఆ మనిషి నా పెనిమిటి.

ఆ రోజుల్లో నారాయణఖేడులో సాన ఉన్న ఇల్లు మాదొక్కటే. ఆయన చిన్నప్పుడు బీదరులో ఒక సాయిబు ఇంట్లో కట్టెలు కొడుతూ పడి ఉండేవాడు. ఆ సాయిబుది రాళ్లకు సానపట్టే పని. ముసలితనంలో చేతులు వణకడం మొదలయ్యాక ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు, పోతూ పోతూ సాన కూడా ఇచ్చిపోయాడు. దాన్ని గోనెసంచిలో కట్టి నెత్తిన పెట్టుకుని ఖేడుకు నడిచొచ్చాడట. నన్ను పెళ్లి చేసుకుని తెచ్చినప్పుడు మాత్రం ఇంత జాగ్రత్తగా తేలేదు. ఎడ్లబండిలో వెనక కూర్చోబెట్టి తానేమో ముందు కూర్చుని దారంతా నిద్రపోయాడు.

మాది మిషను వాళ్లు వచ్చాక క్రైస్తవులైన వాడ. మా మామ బాప్తిస్మం తీసుకున్నాడు, మా వాడంతా తీసుకుంది, ఊరి బాయి మాత్రం తీసుకోలేదు. ఆ బాయిలో మా చేంతాడు పడకూడదు. మా వాడకొక ఉప్పబాయి వేరే ఉండేది. మంచి నీళ్లు కావాలంటే ఊరి బాయి గట్టుకు ఇవతల కుండ పెట్టి, ఎవరైనా దయతలచి పోసేదాకా నిలబడాలి. పోసేవాళ్లు పైనుంచి పోస్తారు, వాళ్ల బొక్కెన మా కుండకు తగలకుండా. సగం నీళ్లు కిందే పోయేవి. నాకు అది చూస్తే ఒళ్లు మండిపోయేది. మా అత్త నా మోచెయ్యి గిల్లి నోరు మూయించేది.

రాళ్లంటారా, అవి మా దగ్గర కొనక్కర్లేదు. తొలివానలకు నల్లరేగడి కోసుకుపోయి చేల గట్ల మీద, మనూరు వైపు వాగుల్లో గాజులాంటి రాళ్లు తేలుతాయి. కొన్ని తెల్లనివి, కొన్ని తేనెరంగువి, కొన్నిటికి లోపల చారలు. మేం గాజురాళ్లనేవాళ్లం, బీదరులో వాటిని అకీకు అంటారని ఆయన చెప్పేవాడు. కలుపుకు పోయినవాళ్లు కొంగున కట్టుకుని తెచ్చి మా గుమ్మంలో పోసేవారు. కెంపు కొనే తాహతు ఖేడులో ఎందరికుంది? పెళ్లికూతురి ముక్కుపుల్లకూ చెవి కమ్మలకూ ఆ రాయే. ఆయన సానపట్టి ఇస్తే అవుసులాయన ఇత్తడిలోనో వెండిలోనో పొదిగేవాడు. మాకు జొన్నలో కందులో కొలిచి పోసేవారు. మా చేతుల్లోంచి తీసుకున్న రాయిని పసుపునీళ్లతో కడిగి ముక్కుకు పెట్టుకునేవారు. కడుక్కుంటే కడుక్కోనీ, మెరుపు కడిగితే పోదు కదా అనేవాడు ఆయన. అంత మెత్తని మనిషి. నాకా మెత్తదనం చూస్తే చిరాకు.

తెల్లరాయిని ఎర్రగా చేయడం ఆయనకు తెలిసిన అసలు విద్య. రాళ్లను ముందు ఎండలో బాగా కాయబెట్టి, కుండలో పెట్టి, మూతికి మట్టి మెత్తి, పిడకల సెగలో కప్పిపెట్టేవాడు. మంట ఎగయకూడదు. సెగ దానంతటదే చల్లారేదాకా కుండ ముట్టకూడదు. తీసి చూస్తే మజ్జిగరంగు రాయి దానిమ్మగింజ అయి ఉండేది. పెళ్లయిన కొత్తలో నేను ఆగలేక కుండ తెరవబోతే చేయి పట్టుకుని ఆపాడు.

"జర నిమ్మళమే పిల్లా. రాయంటే కొత్త కోడలు లెక్క. జల్దీ చేస్తే పగుల్తది."

"మరి నేనెందుకు పగల్లే?" అన్నాను.

"నువ్వు రాయివి గాదే, సానవు" అన్నాడు.

రెండు దినాలు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత చాలా ఏళ్లు ఆ మాటకు నాలో నేను నవ్వుకున్నాను.

జర్మనీ లడాయి నడుస్తున్న రోజుల్లో మాకు ఒక ఏడు వానలు మొండికేశాయి. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, తొలి జల్లు తప్ప చుక్క లేదు. జొన్న మొలకెత్తి మాడిపోయింది. కంగ్టి వైపు నుంచి సంసారాలకు సంసారాలు మూటలు నెత్తిన పెట్టుకుని పనుల కోసం బయలుదేరాయి. మా వాడ ఉప్పబాయి ముందు ఎండింది. అడుగున బురద కూడా పలుగు రాళ్లలా బిగుసుకుపోయింది. ఇక ఊరి బాయి గట్టు దగ్గర మా వాడ వాడంతా కుండలు వరసపెట్టుకుని నిలబడింది. పొద్దున పోతే పగటికి ఒక కుండ. కొన్నాళ్లు అదీ లేదు.

మాకప్పుడు మూడేళ్ల పిల్ల. ఆ ఏడంతా దాని నోట ఎక్కువగా విన్న మాట ఒక్కటే, "అమ్మా, దూపయితుంది." దాహానికి మా దగ్గర దూప అంటారు. ఆ మాట ఎవరి నోట విన్నా ఇప్పటికీ ముందు కుండ వైపు పోతాను.

సాన మీది చిన్నకుండ ఎండిపోయింది. సాన ఆపుదామంటే ఇంట్లో జొన్నలు లేవు. కూలి లేదు, చేను లేదు, సాన ఒక్కటే ఉంది. కరువైనా పెళ్లిళ్లు ఆగవు. పైగా కరువులోనే మా రాళ్లకు గిరాకీ ఎక్కువ, మంచివి కొనలేరు కనుక. ఆయన పొడిసాన పట్టడం మొదలుపెట్టాడు. పొడిగా పడితే రాయి వేడెక్కుతుంది. వేడికి లక్క మెత్తబడి రాయి పుల్ల మీంచి జారిపోతుంది. అందుకని నాలుగు లాగులు లాగి, రాయి నాలుకకు ఆనించుకుని, మళ్లీ నాలుగు లాగులు లాగేవాడు. రోజంతా అదే పని. సాయంత్రానికి ఆయన పెదవులు తెల్లగా అయ్యేవి, మీసం తెల్లగా అయ్యేది. పిల్ల చూసి "నాయినా, పిండి" అని నవ్వేది. ఆయనా నవ్వేవాడు. నవ్వుతూ దగ్గేవాడు.

ఏండ్ల తరబడి పట్టిన పని, ఛాతీలో ముందే ఎంతో కొంత ఉండి ఉంటుంది. ఆ కొన్ని నెలల పొడిసాన దాన్ని తవ్వి బయటికి తీసింది. మెట్టు ఎక్కితే ఆయాసం. మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకునేవాడు. నేను దవాఖానకు లాక్కుపోయాను. అక్కడి నర్సమ్మ ఛాతీకి చెవి ఆనించినంత దగ్గరగా వంగి, గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత ఆయన్ని బయట కూర్చోమని నన్ను లోపలికి పిలిచింది.

"లోపల దుమ్ము పేరుకున్నదమ్మా. దీనికి మందు లేదు. ఇగ దుమ్ము పోకుండ చూస్కోవాలె. ఆ పని బంద్ జేయిస్తే కొన్ని ఏండ్లు బతుకుతడు. బంద్ జేయలేకపోతే నీళ్లు పోస్కుంటనన్న జెయ్యమను. పొడిగ చేస్తే మాత్రం ఈ ఎండాకాలం దాటడు."

దారిలో ఆయన అడిగాడు, "ఏమన్నదే?"

"నీకు బుద్ధి లేదన్నది" అన్నాను. ఇంకేం చెప్పను?

ఆ రోజు నుంచి నాకు ఒక్కటే ధ్యాస. సానకు నీళ్లు కావాలి. తిండికి నీళ్లు, పిల్లకు నీళ్లు, అవి కాక సానకు రోజుకొక్క కుండ. ఆ కుండ దొరికితే నా మనిషి ఉంటాడు, లేకపోతే లేడు. ప్రార్థనలో అందరూ పరలోకం అడుగుతుంటే నేను కళ్లు మూసుకుని కుండెడు నీళ్లు అడిగేదాన్ని.

ఎండిన వాగులోకి పోయి ఇసుకలో చెలిమె తోడాను. మోకాళ్ల లోతు తోడితే తడి తగిలింది, నడుం లోతు తోడితే ఊట వచ్చింది. ఊట అంటే ఊరికే అనడమే, కొబ్బరిచిప్ప నిండడానికి ఎంతసేపు పట్టేదో! ఎండలో కొంగు నెత్తిన వేసుకుని ఆ గుంట పక్కనే కూర్చునేదాన్ని. నిండిన చిప్పను నిండినట్టు కుండలో పోసుకుని, కుండ నిండాక ఇంటికి. ఆ నీళ్లు చవుడు, నోట్లో పోసుకుంటే నాలుక ముడుచుకుపోతుంది. సానకు చవుడైతేనేం?

కుండ తెచ్చి సాన పక్కన దించి చెప్పాను. "ఇగో, ఇవి సానవి. తాగేటియి గావు. ఎవలన్న ముట్టుకున్నరో చేతులిరగ్గొడ్త."

"సరే తియ్" అన్నాడు బుద్ధిమంతుడిలా.

రోజూ తెచ్చాను. రోజూ సాయంత్రానికి ఆ కుండ ఖాళీ. నాకెంత ధైర్యం వచ్చిందో! కానీ దగ్గు తగ్గదే! తగ్గకపోగా కఫంలో సన్నని ఎర్రజీర కనిపించింది. నర్సమ్మ తప్పు చెప్పిందేమో అనుకున్నాను. ఒకనాడు వాగు నుంచి వచ్చి, గొంతు ఆరిపోయి, ఇంట్లో తాగేనీళ్ల కుండలో ముంచుకుని తాగాను. చవుడు.

ఊరి బాయి నీళ్లు తియ్యన. ఆ కుండలో ఉండాల్సినవి ఊరి బాయి నీళ్లు. సగం అవి, సగం నా చెలిమె నీళ్లు. సాన దగ్గరికి పోయి చూస్తే ఉట్టిలో కుండకు పేలిక ఎండి కరకరలాడుతోంది. ఎన్నాళ్లుగా ఎండి ఉందో!

"నీ నోట్ల మన్నువడ!" అని అరిచాను. "నడుంలోతు గుంటల దిగి నేను సస్తుంటే, నువ్వు ఆ నీళ్లు దీస్కవోయి తాగే కుండల పోస్తవా? నీకు పానమంటె అంత తేలికైందా? నర్సమ్మ ఏం జెప్పిందో ఎరికేనా నీకు?"

అప్పుడు చెప్పేశాను, ఎండాకాలం దాటవన్నదని. ఆయన పుల్ల పక్కన పెట్టి నా వైపు చూశాడు. భయపడ్డట్టే కనిపించలేదు. నాకంటే ముందే ఆయనకు తెలిసిపోయినట్టుంది.

"పగటీలి పిల్ల ఏడుస్తది. నువ్వు వాగులుంటవ్, నీకు ఇనవడది. నాకు ఇనవడుతది" అన్నాడు. ఒక్కో మాటకూ మధ్య ఆగుతూ. "ఎదురుంగ కుండెడు నీళ్లు వెట్టుకొని, దూపైన పిల్లను ముందట వెట్టుకొని, రాతి మీద నీళ్లు పోస్తరానే ఎవలన్న?"

గోడకు తల కొట్టుకున్నాను, ఆయన లేచి అడ్డం వచ్చాడు, లేచినందుకే ఆయనకు ఆయాసం వచ్చింది, ఇద్దరం కింద కూలబడ్డాం. పిల్ల మా ఇద్దరి మధ్యలోకి వచ్చి కూర్చుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దింటి నుంచి కబురొచ్చింది. ఊరి బాయి మీద పెత్తనం ఆ ఇంటిదే. ఇంటి యజమానురాలు ఒక ముసలమ్మ, ఆమె మనవరాలి పెళ్లి. బంగారం ఉంది కానీ లడాయి వల్ల హైదరాబాదు నుంచి కెంపులు రావడం లేదు, వచ్చినా ఆ ఏడు పెద్దింట్లో కూడా చేతులు బిగబట్టారు. పతకానికీ కమ్మలకూ గాజులకూ ఎర్రరాళ్లు కావాలట, దూరం నుంచి చూసేవాళ్లకు కెంపులే అనిపించాలట. నేను పోయి వాకిలి బయట నిలబడ్డాను. ముసలమ్మ అరుగు మీద కూర్చుని అడిగింది, "జొన్నలు ఎన్ని గొలువాల్నే?"

"జొన్నలొద్దవ్వా. నీళ్లు గావాలె."

"ఏం నీళ్లే?"

"పని అయ్యేదాక రోజు మూడు కుండల నీళ్లు మా వాకిట్ల పోపియ్యాలె. ఇంకేమొద్దు."

ఆమె నా ముఖం చూసి నవ్వింది. "పిచ్చిదానివి గదనే! జొన్నలిస్తనంటె నీళ్లడుగుతవ్!" అని, అక్కడే ఉన్న జీతగాడితో చెప్పింది, మర్నాటి నుంచి మా ఇంటికి మూడు కుండలు పోయమని.

ఇంటికొచ్చి చెబితే ఆయన నమ్మలేదు. మర్నాడు జీతగాడు వచ్చి మా కుండల్లో నీళ్లు పోస్తుంటే గడప మీద కూర్చుని నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు సాన గాదే, వజ్రానివి" అన్నాడు. సిగ్గుతో లోపలికి పోయాను.

అన్ని రాళ్లకు ఎన్ని దినాలు పడుతుందో అన్ని దినాలు మాకు పండుగే. ఉట్టిలో కుండ నిండింది, పేలిక తడిసింది, చుక్క పడింది. సాన చప్పుడే మారిపోయింది, పొడిగా గీసే గరగర తగ్గి మెత్తగా బుసబుసమంది. పిల్ల అడిగినప్పుడల్లా తాగింది. దానికి ఒళ్లు కడిగాను, కడిగిన నీళ్లు పట్టి మళ్లీ సాన కుండలో పోశాను. దగ్గు తగ్గింది. నా మీద ఒట్టు, తగ్గింది. రాత్రి రెండు రొట్టెలు తిని, వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. అంతకుముందు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నేను లెక్కలు వేసుకున్నాను. ఈ పని సాగదీయాలి, సాగదీసి వానల దాకా లాగాలి, వానలు పడితే ఉప్పబాయి ఊరుతుంది, ఇక ఫరవాలేదు.

"జర నిమ్మళంగ జెయ్" అనేదాన్ని. "ఏం తొందర? పెద్దింటి రాళ్లు. మంచిగ నున్నగ రావాలె."

"ఇగ జూడు, ఎవలు ఎవలికి నిమ్మళం నేర్పుతుండ్రో" అనేవాడు.

రాళ్లు ఎంతవరకు వచ్చాయో చూస్తానని ఒకనాడు ముసలమ్మే బయలుదేరి వచ్చింది. మా వాకిట్లోకి రాదు కదా, అవతల చింతచెట్టు నీడన నిలబడింది. జీతగాడు ఆమె పక్కన నిలబడ్డాడు. ఆయన పంచలో సాన మీదే ఉన్నాడు. పతకం నడిమికి పెట్టాల్సిన పెద్దరాయి పుల్ల మీద ఉంది. అమ్మగారు వచ్చిందని ఆయనకు సంబరం. రాయి రంగు చూపించాలని పుల్ల పైకెత్తాడు. సగం అరిగిన రాయి మసకగా ఉంటుంది. తడిపితే లోపలి రంగు బయటపడుతుంది, మెరుగు పెట్టాక ఎట్లా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. సానపట్టేవాడెవడైనా అట్లాగే చూస్తాడు. బీదరు సాయిబు అట్లాగే చూసేవాడట. నీళ్లు పక్కనే ఉన్నాయి. చేయి చాపితే కుండ, సాన మీద చుక్క పడుతూనే ఉంది. అయినా అలవాటు కొద్దీ రాయిని నాలుకకు ఆనించి, ఎండలోకి పట్టి, ముసలమ్మ వైపు చూసి నవ్వాడు.

రాయి నిప్పుకణికలా వెలిగింది. ఆమె రాయి చూడలేదు.

"థూ! నోట్ల వెట్టిండ్రా వీడు! ఎంగిలి జేసిండు!"

ఆయనకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై పుల్ల కింద పెట్టి చేతులు జోడించాడు. "అవ్వా, గలతయింది. కడుగుత. పసుపునీళ్లతోని కడుగుత."

"చేతి మైలంటె కడిగితె పాయె. నోటి మైల కడిగితె పోతదారా? నా మనవరాలు పెండ్లి పీటల మీద నీ ఎంగిలి మెడల ఏస్కొని కూసోవాల్నా?"

నేను ఒంటికాలి మీద లేచాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో అంత బలం ఎక్కడ మిగిలిందో, వదిలించుకోలేకపోయాను. "ఊకో. ఊకోయే, నీకు దండం వెడ్త" అంటున్నాడు దగ్గుతూ. జీతగాడు పాపం, తలవంచుకుని ముసలమ్మ వెనక పోయాడు. మర్నాడు నీళ్లు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఊరంతా పాకింది. అవుసులాయన తన దగ్గరున్న మా రాళ్లు గుడ్డలో కట్టి తిప్పి పంపాడు. రాళ్లిచ్చినవాళ్లు వచ్చి అరిగినవి వద్దని అరగనివి పట్టుకుపోయారు. ఊరి బాయి దగ్గర మా కుండను చూస్తే చాలు జనం పక్కకు తిరిగేవారు. ఆ ఇంటికి ఎవరూ నీళ్లు పోయొద్దని పెద్దింటి మాటట. వాడవాళ్లు తమకు దొరికిన దాంట్లోంచి గ్లాసెడు, అరగ్లాసెడు ఇచ్చేవారు. వాళ్లకు మాత్రం ఎక్కడున్నాయి? నా చెలిమెలో ఇసుక ఎండిపోయింది. భుజం లోతు తోడినా పొడిగానే వచ్చింది.

సాన ఆగిపోయింది కదా, దుమ్ము లేదు కదా, ఇప్పుడైనా కోలుకోవచ్చు కదా అని నా పిచ్చిమనసు. కోలుకోలేదు. మళ్లీ గోడకు చేరగిలబడ్డాడు. కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలతో గాలి పీల్చేవాడు. నర్సమ్మ ఇంటికే వచ్చి చూసి, గోరువెచ్చని నీళ్లు గుక్కగుక్కగా పట్టిస్తూ ఉండమంది, గొంతు ఆరనివ్వొద్దంది. వాడవాళ్లు ఇచ్చిన గ్లాసు ఆయన నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేవాడు. కళ్లతో పిల్లను చూపించేవాడు. పిల్ల తాగాక అడుగున మిగిలితే అప్పుడు నోరు తెరిచేవాడు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. నా మాట ఎప్పుడు విన్నాడు గనక?

ఇక నాకు ఓపిక పోయింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం మా చేంతాడు చుట్టి భుజాన వేసుకుని, కుండ చంకన పెట్టుకుని ఊరి బాయికి పోయాను. ఆడవాళ్లు నీళ్లు చేదుకుంటున్నారు. ముందు బతిమాలాను. అబద్ధం చెప్పను, కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"అమ్మలారా, జర ఒక్క కుండ పొయ్యుండ్రి. మనిషి పోతుండు."

ఒకామె బొక్కెన ఎత్తబోయి, పక్కామె చూపు చూసి దించేసింది. అప్పుడు నేను గట్టెక్కాను. కుండ మెడకు చేంతాడు బిగించి బాయిలోకి వదిలాను.

ఒక్కసారి గోలయింది. అరిచారు, తిట్టారు, నోళ్లు కొట్టుకున్నారు. కానీ ఒక్క చేయి నా మీద పడలేదు. నన్ను ఆపాలంటే నన్ను ముట్టుకోవాలి. ముట్టుకుంటే మైల. అది నాకు అప్పుడే తట్టింది. నవ్వు కూడా వచ్చినట్టుంది. తాడు లాగుతూనే ఉన్నాను, లాగుతూనే నోటికొచ్చిందంతా అన్నాను.

"ముక్కుల మీద ఎవని రాళ్లు వెట్టుకున్నరే మీరు? ఈ కరువంత నా మొగడు నాలుకతోని తడిపి తడిపి అరగదీసినయి గావా? నీళ్లు మీరియ్యకపోతిరి, ఉమ్మితోని జేసిండు! మీ ముక్కుకు అంటని మైల మీ బాయికి అంటుతదా?"

కొందరి చేతులు ముక్కుల మీదికి పోయాయి. ఒకామె ముక్కుపుల్ల అక్కడికక్కడే పీకి నా వైపు విసిరింది. ఆమె ముక్కు నుంచి నెత్తురు వచ్చింది. కుండ పైకొచ్చింది, నిండుగా, తొణుకుతూ. తాడు విప్పి కుండ చంకన పెట్టుకుని గట్టు దిగాను. అందరూ జరిగి దారి ఇచ్చారు, తగలకూడదు కదా. నాలుగడుగులు వేసి ఉంటాను. అరుపులు విని వచ్చినవాడు ఎవడో, చేతిలో ఎద్దులు తోలే పొడుగు కట్టె ఉంది. దూరం నుంచే, నాకు చేయి తగలకుండా, కుండ మీద కొట్టాడు.

కుండ నా నడుం మీదే పగిలింది. నీళ్లన్నీ నా చీర మీద పోయాయి. నేను వాణ్ణి తిట్టలేదు. తిడితే ఆ కాసేపట్లో తడి ఆరిపోతుంది. కొంగూ కుచ్చిళ్లూ రెండు చేతులా పోగుచేసి గుండెకు అదుముకుని ఇంటికి పరుగెత్తాను.

ఆయన గోడకు ఆనుకునే ఉన్నాడు. పక్కన పిల్ల. ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒకచేత్తో ఆయన గడ్డం ఎత్తి, తడికొంగు ఆయన పెదవుల మీద పెట్టి పిండాను. పెదవులు బిగిస్తాడనే అనుకున్నాను. బిగిస్తే పళ్లు విరగ్గొట్టయినా పోద్దామనుకున్నాను. బిగించలేదు. నోరు తెరిచాడు. గుటక వేశాడు. నాకు ఎంత సంతోషమైందో! "తాగు, తాగు, ఇంకున్నయి" అంటూ కొంగంతా పిండాను, కుచ్చిళ్లు పిండాను. రెండు చేతులతో నా చీర పట్టుకుని పసిపిల్లవాడిలా చీకాడు.

పిల్ల దగ్గరికి వచ్చి ఆయన మోకాలి మీద చేయి వేసింది. "నాయినా, దూపయితుంది" అంది.

పిల్ల తాగందే నోరు తెరవని మనిషి, దాని వైపు తిరగలేదు. చీర వదల్లేదు. చివరి చుక్క దాకా తానే తాగాడు.

నా చేతులు ఆగిపోయాయి. గుండెలు బాదుకుని ఏడవడం అప్పుడే మొదలుపెట్టాను. వాడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. మా అత్త నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, "ఓ పిచ్చిదానా, ఏం జేస్తున్నవే? పానంతోనే ఉన్నడు గదనే, నీళ్లు గూడ తాగుతుండు!" అని అరుస్తోంది.